పెద్దల్లుడి కారు

మా తోడల్లుడు మంచివాడు. ఈ మాట ముందే చెప్పేయడం మేలు. తర్వాత నేను రాసేది చదివి ఎవరికైనా అనుమానం రావచ్చు. ఆయన అబద్ధమాడడు, ఎవరి బాకీ ఎగ్గొట్టడు, మా అత్తమ్మకు మోకాళ్ళు నొప్పి పెడితే నాకు కబురు అందేలోపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, తిరిగి ఇంట్లో దించి, మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో నాకే ఫోన్ చేసి చెబుతాడు. ఇన్ని మంచి గుణాలున్న మనిషిని దగ్గరి బంధువుగా భరించడానికి ఎంత ఓపిక కావాలో ఆయనకు తెలియదు. తెలిస్తే, ఆ సంగతి కూడా పెద్దమనసుతో అర్థం చేసుకుంటాడు. నా బాధంతా అదే.

నేను పెద్దల్లుణ్ణి, ఆయన చిన్నల్లుడు. ఈ ఒక్క విషయంలోనే నేను ఆయనకంటే ముందున్నాను. అది కూడా నా ప్రతిభ వల్ల కాదు, మా ఆవిడ వాళ్ళ చెల్లెలికంటే ముందు పుట్టడం వల్ల.

సోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక సాంచాల గల్లీలో మా ఇల్లు. మరమగ్గాలను మేము సాంచాలంటాం. ఎదురుగా ఉన్న షెడ్డులో అవి పొద్దస్తమానం టకటకలాడుతుంటాయి కాబట్టి మా గల్లీలో రహస్యాలు చెప్పుకునే అలవాటు లేదు. చెప్పాలంటే అరవాలి. నేను జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. పాఠం మరాఠీలో, ఇంట్లో మాట తెలుగులో, ఆటోవాలాతో గొడవ హిందీలో. మా తోడల్లుడు కూడా మొన్నటిదాకా మాకు రెండిళ్ళ అవతలే ఉండేవాడు. టవెళ్ళ వ్యాపారం కలిసొచ్చి హోట్గి రోడ్డు వైపు కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం నాడు మా ఆవిడ వాళ్ళ మేడ మీద నిలబడి ఊపిరి గట్టిగా పీల్చి, "ఏమయ్యా, చూసినవా, ఈడ గాలిల దూది లేదు" అంది. నేను కూడా పీల్చి చూశాను. నిజంగానే లేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో గాలి పీల్చినప్పుడల్లా నాకు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది.

కార్లు మాత్రం ఇద్దరం ఒకే రోజు కొన్నాం. రెండూ ఒకే షోరూములో, ఒకే మోడలు, ఒకే తెలుపు. ఈ ఆలోచన ఆయనదే. రెండు బండ్లు కలిపి తీసుకుంటే ధర గట్టిగా మాట్లాడొచ్చని చెప్పి, ఆయనే మాట్లాడి, వచ్చిన లాభం ఇద్దరికీ సమంగా పంచాడు. షోరూమువాళ్ళు మెడలో దండ వేసి, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి చేతికిచ్చి ఫోటో తీశారు. ఆయన ఫోటోలో ఆయన, మా మరదలు, కారు ముగ్గురూ నవ్వుతున్నారు. నా ఫోటోలో నేను కళ్ళు మూసుకున్నాను. మా ఆవిడ పక్కకు చూస్తోంది, అంటే వాళ్ళ చెల్లెలి కారు వైపు.

ఆ షోరూము, దాని వెనక సర్వీస్ సెంటరు కూడా హోట్గి రోడ్డు మీదే ఉన్నాయి. మా తోడల్లుడి ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చు. నడిచి వెళ్ళేంత దూరంలో కార్ల సర్వీసు ఉండడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

మొదటి సర్వీసు బాగానే జరిగింది. గొడవంతా దాని తర్వాత వచ్చిన ఫోన్‌తో మొదలైంది. కంపెనీ నుంచి ఒకమ్మాయి చాలా శుద్ధమైన హిందీలో మాట్లాడింది. మా సేవలకు పదికి ఎన్ని మార్కులిస్తారని అడిగింది. నేను కాసేపు నిజంగానే ఆలోచించాను. కారు శుభ్రంగా కడిగారు, చెప్పిన వేళకు ఇచ్చారు, షెడ్డు కనిపించే పెద్ద అద్దం వెనక సోఫాలో కూర్చోబెట్టి కాఫీ పోశారు. మనసు నిండి తొమ్మిది ఇచ్చాను.

ఆ తొమ్మిది సంగతి కొంచెం చెప్పాలి. నేత ఇళ్ళల్లో పుట్టినవాళ్ళం మేము దేనికీ పూర్తి మార్కులు వెయ్యం. చాదర్ సాంచా మీద నుంచి దిగగానే మా నాయన దాన్ని వెలుతురులో పరిచి, అంచు నుంచి అంచుకు చూపు నడిపించి, ఎక్కడా తప్పు లేకపోతే ముఖం కాస్త చిట్లించుకుని "పర్వాలే" అనేవాడు. అంతకు మించిన పొగడ్త ఆయన నోట నేను వినలేదు. బట్టను నోరారా మెచ్చుకుంటే తర్వాతి పడుగు తెగుతుందని మా పెద్దల నమ్మకం. బయటివాడెవడైనా వచ్చి "వాహ్, ఫస్ట్‌క్లాస్" అన్నాడంటే మా నాయన వెంటనే ఒక నల్లదారం తెచ్చి అంచుకు ముడేసేవాడు. నేను పదోతరగతిలో స్కూలు ఫస్టొస్తే కూడా నాకు "పర్వాలే" నే వచ్చింది. అది విని మా అమ్మ పాయసం వండింది. అందువల్ల తొమ్మిది అంటే మా లెక్కలో నల్లదారంతో సహా పది.

కంపెనీ లెక్కలో తొమ్మిది అంటే ఫెయిలని నాకెవరూ చెప్పలేదు.

రెండోసారి కారు తీసుకెళ్ళినప్పుడు సర్వీస్ అడ్వైజర్ ముఖంలో మార్పు కనిపించింది. ముప్పై ఏళ్ళుంటాయి, మెడలో కార్డు, చేతిలో టాబ్లెట్టు. ఇంతకుముందు ఎదురొచ్చినవాడు ఈసారి కౌంటరు వెనకే నిలబడ్డాడు. "తొమ్మిదిచ్చారట కదా సాహెబ్" అని మరాఠీలో అన్నాడు. నేను వినయంగా, అదేం పెద్ద విషయం కాదులెమ్మన్నాను. అతను నన్ను చాలాసేపు చూశాడు. మా ఇద్దరిలో ఎవరో ఒకరు ఎగతాళి చేస్తున్నారని, అది ఎవరో తేల్చుకోలేకపోతున్నాడని నాకు తర్వాత అర్థమైంది.

అప్పటి నుంచి నా కారుకు ఆ సర్వీస్ సెంటర్లో సవతి బిడ్డ యోగం పట్టింది. కడిగి పంపమంటే తడిపి పంపేవాళ్ళు. నేను అద్దం వెనక సోఫాలో కూర్చుంటే, నాకంటే తర్వాత వచ్చిన బండ్లు నా కళ్ళముందే మెరుస్తూ వెళ్ళిపోయేవి. బానెట్టు తెరిచిన నా కారు డాక్టరు కోసం నోరు తెరుచుకుని కూర్చున్న రోగిలా అలాగే ఉండేది. అదే సమయంలో నా ఫోన్‌కు మెసేజ్ వచ్చేది: మీ వాహనం సిద్ధంగా ఉంది, మీరు మా కుటుంబ సభ్యులు. మా కుటుంబంలోనూ నా మాట ఎవరూ వినరు కాబట్టి ఆ రెండో ముక్కను నమ్మాను.

మా తోడల్లుడి కారు మాత్రం పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేసేది. టైర్లకు నలుపు రుద్ది, లోపల అత్తరు కొట్టి, డాష్‌బోర్డు మీద ఒక గులాబీ పెట్టి ఇచ్చేవాళ్ళు. ఒకే మోడలు, ఒకే తెలుపు. గులాబీ ఎక్కడిదని ఆయన్ని అడిగాను, మామూలుగా అడుగుతున్నట్టే.

"ఏమో అన్నా, ఆళ్ళే పెడ్తరు. నీకు పెట్టలేదా?"

నేను పువ్వులంటే తుమ్ములొస్తాయని చెప్పాను.

ఒకరోజు నేను అద్దం వెనక నా సోఫాలో ఉండగా ఆయన ఏదో పని మీద అక్కడికి వచ్చాడు. అడ్వైజర్ కౌంటరు దాటి ఎదురెళ్ళి, "రా అన్నా, చాయ్ తాగుతవా?" అన్నాడు. తెలుగులో. మా గల్లీ తెలుగులో. ఆ మనిషి మా వాడేనని, మా వెనక గల్లీలోనే వాళ్ళ ఇల్లని నాకు అప్పటిదాకా తెలియదు. అన్నాళ్ళుగా నేను అతనితో పుస్తకాల మరాఠీలో, క్రియాపదాలు సరిచూసుకుంటూ మాట్లాడుతూ వచ్చాను. అతనూ అంతే మర్యాదగా జవాబిస్తూ వచ్చాడు. ఇంటి భాషను ఆయన కోసం దాచి, నాకు ఆఫీసు భాష వడ్డించాడు. ఆ రోజు కాఫీ మిషను దగ్గర నేను చక్కెర రెండుసార్లు వేసుకున్నాను.

బయటికి వస్తూ తోడల్లుణ్ణి అడిగాను, కంపెనీ ఫోన్ వస్తే ఎన్నిచ్చావని.

"పదికి పది అన్నా. మనదేం పోతది?"

మనదేం పోతుందో ఆయనకు తెలియాలి. ఆయన తండ్రి కూడా నేసినవాడే. కానీ హోట్గి రోడ్డు మీద పడుగులు తెగవు మరి.

ఇదంతా ఇలాగే సాగిపోయేది. ఆయనకు తెలియకుండా నేను అసూయపడుతూ, అందరం సుఖంగా ఉండేవాళ్ళం. ఇంతలో మా బావమరిదికి పెళ్ళి కుదిరింది. ముహూర్తం మే నెలలో. సోలాపూర్‌లో మే నెల అంటే ఏంటో తెలియనివాళ్ళు తమ అదృష్టానికి దండం పెట్టుకోవచ్చు.

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉంది. పెళ్ళికొడుకు కూర్చున్న బండిని పెద్దల్లుడు తోలాలి. మా మామ పెళ్ళికి వాళ్ళ పెద్దబావ టాంగా తోలాడట. పగ్గాలకు పసుపు రాసి, గుర్రానికి కుచ్చులు కట్టి, ఆడవాళ్ళు ముందు గుర్రానికి, తర్వాత తోలేవాడికి, చివరికి పెళ్ళికొడుక్కి హారతి ఇచ్చారట. ఆ క్రమం నాకు చాలా నచ్చింది. మా పెళ్ళయి ఇన్నేళ్ళకు ఆ ఇంట్లో నేను మొదటి వరసలో నిలబడే అవకాశం అదొక్కటే. సంపాదనలో చిన్నల్లుడు, సేవలో చిన్నల్లుడు, ఫోటోలో చిన్నల్లుడు. స్టీరింగు మాత్రం నాది. పెళ్ళి కుదిరిన రోజే నేను కారుకు ఏ రంగు రిబ్బన్లు కట్టాలో నిర్ణయించుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళికి రెండు వారాల ముందు నా కారు ఏసీ దగ్గడం మొదలుపెట్టింది. నిజంగానే దగ్గింది. మీట తిప్పితే లోపల ఖర్ ఖర్‌మని చప్పుడు, తర్వాత చల్లగాలికి బదులు చిన్న చిన్న దూది పింజలు. మా ఆవిడ చీర మీద రెండు వాలాయి. మూడో రోజుకు అవి కూడా ఆగిపోయి, వేడిగాలి ఒక్కటే మిగిలింది. అదైతే బయట ఊరికే దొరుకుతోంది.

సర్వీస్ సెంటర్లో విప్పి చూశారు. అడ్వైజర్ నా దగ్గరికి వచ్చి, కిడ్నీలోంచి తీసిన రాయిని డాక్టరు చూపించినట్టు, అరచేతిలో ఒక దూది ముద్ద చూపించాడు. గాలి మోటారుకు అదంతా చుట్టుకుని మోటారు కాలిపోయిందట. "ఏరియాచా ప్రాబ్లెమ్ ఆహే, సాహెబ్" అన్నాడు. నా ఏరియా సమస్యట. నేనా గల్లీలో పుట్టి యాభై ఏళ్ళకు దగ్గరపడుతున్నాను, అదే దూది పీల్చాను, నా మోటారు నడుస్తూనే ఉంది అన్నాను. అతను నవ్వలేదు. మా వెనక గల్లీవాడే కదా, కనీసం ఆ ఒక్కదానికి నవ్వి ఉండాల్సింది. వెనక షెడ్డులో మెకానిక్కులు చేతులు తుడుచుకుంటున్న టవెళ్ళు కూడా మా ఏరియావే. అవి మాత్రం వాళ్ళకు సమస్య కాలేదు.

గ్యారంటీ వర్తించదన్నాడు. సరే, మోటారు వేసి ఇవ్వమన్నాను. పూణె నుంచి రావాలన్నాడు. ఎప్పుడొస్తుందని అడిగితే "ఉద్యా" అన్నాడు. మరాఠీలో ఉద్యా అంటే రేపు. ఆ కౌంటరు దగ్గర మాత్రం దానికీ క్యాలెండరుకూ సంబంధం లేదు. అదొక ఆశీర్వాదం. వెళ్ళిన ప్రతిసారీ నేను అది తీసుకుని, సిటీ బస్సెక్కి, అశోక్ చౌక్‌లో దిగి, నడిచి ఇంటికి వచ్చేవాణ్ణి. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే, మీ కాల్ మాకు ఎంతో విలువైనదని ఒక గొంతు చెప్పి, ఆ విలువైన దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టేది. ఒకసారి ఎవరో మనిషి దొరికాడు. నా బాధంతా విని, "మీ ఫిర్యాదు మూసేశాం సార్" అన్నాడు. ఎందుకన్నాను. కారు సర్వీస్ సెంటర్లోనే ఉంది కదా అన్నాడు.

పెళ్ళి దగ్గరపడుతుంటే అత్తగారింట్లో ఈ విషయం చర్చకు వచ్చింది. అత్తమ్మ గుమ్మంలో ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన ఆమె స్నేహితురాళ్ళు నలుగురు, వాళ్ళ ఒళ్ళోనూ చాటలే. కొడుకు పెళ్ళి ముందర కూడా ఆమె చేతులు ఆగవు. మాట్లాడుతూ ఆకు కత్తిరిస్తుంది, నవ్వుతూ తంబాకు నింపుతుంది, ఎవరినైనా తిట్టాల్సి వస్తే దారం చుడుతున్నప్పుడు తిడుతుంది. నా వైపు చూసేసరికి దారం దగ్గరికి వచ్చింది.

"నీ గాడీ అయ్యేటట్టు లేదు గని అల్లుడా, చిన్నల్లుని గాడీ నువ్వే తోలు. గాడీ ఏదైతే ఏంది? రెండు ఒక్కతీరే ఉన్నయి గదా."

రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టే కదా నా బాధ. ఆయన కారు నేను తోలితే, చూసేవాళ్ళకు నేను పెద్దల్లుణ్ణి కాను, చిన్నల్లుడి డ్రైవరును. ఇలా పైకి అనలేదు. పద్ధతి అంటే పద్ధతేనని, బండి కూడా పెద్దల్లుడిదే అయి ఉండాలని, టాంగా నాటి నుంచి అదే ఆచారమని గంభీరంగా చెప్పాను. మంచం మీద కూర్చున్న మా మామ తమలపాకు ఈనె తీస్తూ, ఎవరినీ ఉద్దేశించకుండా అన్నాడు:

"మా బావ తోలిన గుర్రం కిరాయిది."

బీడీల ఆడవాళ్ళు నలుగురూ ఒకేసారి నవ్వారు. ఒకామె నా వైపు చూసి, అల్లునికి గుర్రమన్నా దొరుకుతదా చూడండి, దానికి ఏసీ అక్కర లేదంది. మా ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు కొత్తేమీ కాదు గానీ, వాళ్ళ చెల్లెలు మాత్రం నవ్వకుండా జాలిగా చూసింది. అది కొత్త.

నేను వెనక్కి తగ్గలేదు. పెళ్ళి నాటికి కారు వస్తుందని మాటిచ్చాను. ఏ బలంతో ఇచ్చానో అడక్కండి. ఉద్యా అన్న ఒక్క మాట తప్ప నా చేతిలో ఏమీ లేదు.

పెళ్ళికి ముందురోజు పొద్దున్నే వెళ్ళాను. నా కారు ఒక మూల డాష్‌బోర్డు విప్పేసి, వైర్లు బయటికి వేలాడుతూ ఉంది. దాని మీద వారం రోజుల ధూళి. అడ్వైజర్ నన్ను చూసి నోరు తెరవబోయాడు. ఆ పదం అనొద్దన్నాను. అనలేదు. చేతులు మాత్రం ఎత్తేశాడు. నేను సోఫాలో కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో తెలియదు, ఇంటికి వెళ్ళడానికి ముఖం లేక కావచ్చు. అద్దంలోంచి నా కారును చూస్తూ, రేపు పొద్దున ఏ కారణం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. జ్వరం మంచి కారణమే గానీ మా ఆవిడ చెయ్యి పెట్టి చూస్తుంది.

అప్పుడొచ్చాడు మా తోడల్లుడు. పెళ్ళి పనులతో నలిగిన చొక్కా, చేతిలో కొబ్బరికాయల సంచి. నేను ఇక్కడున్నానని మా ఆవిడ వాళ్ళ చెల్లెలికి చెప్పిందట, చెల్లెలు ఆయనకు చెప్పిందట. నా పక్కన కూర్చుని అద్దంలోంచి చూశాడు. తర్వాత లేచి అడ్వైజర్ దగ్గరికి వెళ్ళాడు. మొదట తన కారును లోపలికి తెమ్మంటున్నాడని నాకు వినిపించింది. ఆయన కారుకూ ఏదో రోగం వచ్చిందని నాకు లోపల ఎక్కడో చిన్న సంతోషం కలిగింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

"నా బండిల మోటర్ తీసి అన్న బండిల పెట్టు. రెండు ఒక్కటే గదా."

అడ్వైజర్ అలా కుదరదన్నాడు. కంపెనీ రూలు ఒప్పుకోదని, గ్యారంటీ పోతుందని ఏదో చెప్పాడు. మా తోడల్లుడు అన్నిటికీ తలూపి, అవన్నీ నిజమేనని, కానీ రేపు పెళ్ళి కూడా నిజమేనని అన్నాడు. నేను లేచి వద్దన్నాను. గట్టిగానే అన్నాను. సాంచాల గల్లీ గొంతు కాబట్టి సోఫాల్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. వద్దన్నానే గానీ, నా కళ్ళు మాత్రం నా కారు వైపే చూస్తున్నాయని ఆయన కనిపెట్టినట్టున్నాడు.

"అన్నా, పద్ధతి నీది. గాలి నాదైతే ఏమైతది?" అన్నాడు.

ఆయన వెటకారం చేసి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. నిజంగానే అన్నాడు. తల పక్కకు తిప్పుకున్నాను. దాన్ని వాళ్ళిద్దరూ అంగీకారం కింద లెక్కవేశారు. లెక్క సరైనదే.

మెకానిక్కు ఆ మోటారు మారుస్తున్నంతసేపూ అడ్వైజర్ నా పక్కన నిలబడ్డాడు. మా తోడల్లుడి ముందు నాతో మరాఠీ మాట్లాడడం బాగుండదనుకున్నాడో ఏమో, మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడాడు.

"మా నాయన గూడ సాంచా తోలిండు, సార్. నా నౌకరి ఖాయమైన నాడు గూడ పర్వాలే అన్నడు. మీరు తొమ్మిది ఎందుకిచ్చిన్రో నాకు తెలుసు. కంపెనీకి ఎట్ల చెప్పాలె? నా ఇన్సెంటివ్ కోసిన్రు."

తెలిసి కూడా నా కారుకు ఇన్నాళ్ళు నీళ్ళు చల్లి పంపావా అని అడగాలనుకున్నాను. కానీ ఆ నెల అతను ఇంటికి వెళ్ళి, సాంచా తోలిన తండ్రికి ఏం చెప్పి ఉంటాడా అన్న ఆలోచన అడ్డొచ్చింది. అయినా అతని మీద నాకు పూర్తిగా జాలి కలగలేదు. మా తోడల్లుణ్ణి అతను అన్నా అంటాడు. నన్ను తెలుగులో కూడా సార్ అన్నాడు.

మర్నాడు పొద్దున అత్తగారింటి ముందు రెండు తెల్లకార్లు నిలబడ్డాయి. ముందు నాది, నేను మనసులో ఎప్పుడో అనుకున్న పసుపు, ఎరుపు రిబ్బన్లతో. ఆడవాళ్ళు నా కారుకు హారతిచ్చారు, తర్వాత నాకు, తర్వాతే పెళ్ళికొడుక్కి. క్రమం ఎక్కడా తప్పలేదు. అత్తమ్మ నా నుదుట బొట్టు పెట్టి, సంతోషంగా, నలుగురికీ వినిపించేలా, "చిన్నల్లుడు తన మిషను తీసిచ్చిండు, లేకుంటే ఈ గాడీ కదలకపోవు" అంది. కదిలేదే. కదలడానికీ ఏసీకీ సంబంధం లేదు. పెళ్ళివారి ముందు ఇంజను గురించి వివరించడం బాగుండదని ఊరుకున్నాను. బంధువులందరూ మా తోడల్లుడి వైపు తిరిగి మెచ్చుకోలుగా చూశారు. ఆయన సిగ్గుపడి, నన్ను చూపించి, అన్న కష్టపడి తెచ్చిండన్నాడు. ఇంకొంచెం చెమట పట్టింది నాకు.

బయలుదేరాం. పెళ్ళి హాలు హోట్గి రోడ్డు చివర. నా కారులో ముందు నేను, వెనక షేర్వాణీ, తలపాగాతో మా బావమరిది, పక్కన అతని స్నేహితుడు. అద్దాలు బిగించి ఉన్నాయి. గాలి సన్నగా, చల్లగా, చప్పుడు లేకుండా వస్తోంది. నా ముఖానికే సూటిగా తగులుతోంది. దూది పింజ ఒక్కటి లేదు. హోట్గి రోడ్డు మోటారు, హోట్గి రోడ్డు గాలి.

"మస్తు చల్లగున్నది బావా" అన్నాడు పెళ్ళికొడుకు.

ఊఁ అన్నాను.

వెనక మా తోడల్లుడి కారు వస్తోంది. దాని ఏసీ నా దగ్గరుంది కాబట్టి నాలుగు అద్దాలూ దించేశారు. లోపల మా అత్తమ్మ, బీడీల స్నేహితురాళ్ళు, మా ఆవిడ, వాళ్ళ చెల్లెలు, పట్టినంతమంది. అశోక్ చౌక్ దగ్గర సిటీ బస్సు అడ్డొచ్చి ఆగాల్సి వచ్చింది. అప్పుడు వెనక చూపే అద్దంలో స్పష్టంగా కనిపించింది. మే నెల ఎండ వాళ్ళ మీద నిప్పుల్లా పడుతోంది. ఆడవాళ్ళు కొంగులతో విసురుకుంటున్నారు. ఒకామె పెళ్ళిపాట ఎత్తుకుంది, మిగతావాళ్ళు గొంతు కలిపారు. మా తోడల్లుడి చొక్కా వీపుకు అంటుకుపోయింది. అత్తమ్మ వెనక సీటు నుంచి వంగి, తన కొంగుతో ఆయన మెడ మీది చెమట తుడుస్తోంది. ఆయన స్టీరింగు మీద తాళం వేస్తున్నాడు. మా ఆవిడ తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. అంత నవ్వు నా కారులో నేను చూడలేదు.

పెళ్ళికొడుకు కూడా వెనక్కి తిరిగి చూస్తున్నాడు. తలపాగా జారకుండా చేత్తో పట్టుకుని, మెడ పూర్తిగా తిప్పి.

"ఆళ్ళకు మస్తు మజా వస్తున్నది, బావా. జర అద్దం దించు, పాట విందాం."

వేడి వస్తుందన్నాను. షేర్వాణీ తడుస్తుంది, ఫోటోలు పాడవుతాయన్నాను. బస్సు కదిలింది. నేను ఏసీని ఒక మెట్టు పెంచి, బండి ముందుకు పోనిచ్చాను.